తిరిగి ఇవ్వవలసిన పుస్తకాలు

మా కంపెనీ మూతపడి రెండేళ్లయింది. ఇప్పటికీ ఎవరైనా "ఏం చేసేదమ్మా ఆ కంపెనీ?" అని అడిగితే జవాబు చెప్పడానికి నాకు ఓపిక ఉండదు. పాఠ్యపుస్తకాలు అద్దెకిచ్చేవాళ్లం అంటాను. "పుస్తకాలు అద్దెకా?" అంటారు. అవును, అద్దెకే. పిల్లలు ఫోనులో కావలసిన పుస్తకం ఎంచుకుంటే బస్సులో పార్శిల్ పంపేవాళ్లం. పరీక్షలయ్యాక వాళ్లు దాన్ని వెనక్కి పంపాలి. అంతే సంగతి. ఈ నాలుగు ముక్కల్లో ఇమిడిపోయే పనికి నా జీవితంలో ఏడేళ్లు పట్టాయి.

మొదలైంది మార్కాపురంలో, నేను పాఠాలు చెప్పిన ఇంజినీరింగ్ కాలేజీలో. నాది కంప్యూటర్ల విభాగం. లెక్కలు చెప్పే ఆవిడ గిద్దలూరు నుంచి రోజూ రైల్లో వచ్చేది. నాకంటే పదేళ్లు పెద్ద. అక్కా అని పిలిచేదాన్ని. మా లైబ్రరీలో ఏ పుస్తకమైనా నాలుగైదు ప్రతులకు మించి ఉండేవి కావు. క్లాసులో అరవై మంది. కొనగలిగినవాళ్లు కొనేవాళ్లు, లేనివాళ్లు గైడుతోనూ జిరాక్సు కాగితాలతోనూ నెట్టుకొచ్చేవాళ్లు.

ఒక మధ్యాహ్నం మెట్ల కింద ముగ్గురమ్మాయిలు కూర్చుని చదువుతూ కనిపించారు. దగ్గరికి వెళ్లి చూస్తే ముగ్గురి చేతుల్లోనూ ఉన్నది ఒకే పుస్తకం. ముగ్గురూ కలిసి కొని, మూడు భాగాలు చేసి, ఏ భాగానికి ఆ భాగం దారంతో కుట్టుకున్నారు. వారానికొకసారి మార్చుకుంటారట. పుస్తకం చింపినందుకు తిట్టబోయిన అక్క, ఆ కుట్టు చూసి ఆగిపోయింది.

"ఎవురే కుట్టింది? ఇంత సన్నంగా కుట్టినారు" అంది.

ఆ సాయంత్రం అక్కను స్టేషన్‌లో దింపడానికి వెళ్లాను. రైలు ఆలస్యమైంది. ప్లాట్‌ఫారం మీద కూర్చున్నాం. అక్క అంది: "పెండ్లికి షామియానా అద్దెకు తెస్తాం. వంటపాత్రలు అద్దెకు తెస్తాం. ఒక్కనాటి పనికి ఎవురూ కొనరు గదా. నాలుగు నెలలు చదివే పుస్తకం మాత్రం ఎందుకు కొనాల?"

నాకది అప్పుడు గొప్ప మాటగా తోచింది. వెబ్‌సైటు నేను రాయగలనన్నాను. పుస్తకాలు తాను సంపాదిస్తానంది. రైలు వచ్చేసరికి మేము ఏయే ఊళ్లకు పంపాలో కూడా అనుకున్నాం.

నాయనకు బజారులో దుకాణం ఉండేది. బడిపిల్లల పుస్తకాలు, పలకలు అమ్మేవాడు. మా ఊళ్లో తయారైన పలకలు ఎక్కడెక్కడికో పోయేవి. ఆ పార్శిళ్లు కట్టడం ఆయన పని. సంగతి చెప్పగానే చేతిలోని సుతిలి తాడు పక్కన పెట్టి నన్ను చూశాడు.

"పుస్తకం పరాయి చేతికి పోతే పోయినట్టేనంటారు పాపా. ఒకవేళ వచ్చినా చినిగి వస్తాదంటారు. ఇది పెద్దోళ్లు ఎప్పుడో చెప్పిన మాట."

"చింపనీయం నాయనా. షరతులు పెడతాం."

"షరతులు పెడితే చినగవా?" అన్నాడు. కానీ మర్నాడు దుకాణం పై గదిలో ఉన్న పాత పలకల పెట్టెలన్నీ కిందికి దింపించి గది ఖాళీ చేశాడు. ఆయన ఏ పనికీ సరే అనడు, కాదనడు. గది ఇచ్చాడంటే ఒప్పుకున్నట్టే.

ఆ వేసవిలో నేనూ అక్కా హాస్టళ్ల వెంబడి తిరిగాం. చదువు ముగించి వెళ్లిపోయే పిల్లల దగ్గర పాత పుస్తకాలు కొన్నాం. మార్కాపురం, గిద్దలూరు, నంద్యాల, ఒంగోలు. గోతాలు బస్సు మీదికి ఎక్కించడం, దించడం. నేను పగలు కాలేజీ, సాయంత్రాలు వెబ్‌సైటు. రెండు నెలలకు అది ఒక రూపానికి వచ్చింది. షరతులు అక్క రాసింది: పెన్నుతో గీతలు గీయకూడదు, పెన్సిలుతో గీయవచ్చు, పేజీ మూల మడవకూడదు, సెమిస్టర్ అయిన పదిహేను రోజుల్లో వెనక్కి ఇవ్వాలి. ఆ చివరి షరతును ఎర్ర అక్షరాల్లో పెట్టమంది. పెట్టాను.

మొదటి పార్శిల్ తీసుకుని బస్టాండులో కార్గో కౌంటర్‌కు వెళ్తే అక్కడి ఆయన నా ముఖం చూసి, అడగకుండానే 'పలకలు' అని రాసుకున్నాడు. నాయన కూతురినని తెలుసు.

"పలకలు కాదన్నా, పుస్తకాలు" అన్నాను.

"ఎప్పటినుంచి?" అన్నాడు కొట్టివేస్తూ.

మొదటి ఏడాది వారానికి రెండో మూడో పార్శిళ్లు. రెండో ఏడాదికి రోజుకు అన్ని. మూడో ఏడాది నేను కాలేజీ ఉద్యోగం మానేశాను. నర్సింగు పిల్లలు, బీఎడ్ పిల్లలు కూడా అడగడం మొదలుపెట్టారు. పై గది నిండిపోయి మెట్ల మీద కూడా పుస్తకాలు పేర్చాం. ఒక విలేకరి వచ్చి మా ఇద్దరినీ పుస్తకాల మధ్య నిలబెట్టి ఫొటో తీసుకున్నాడు. ఆ ఫొటోలో అక్క నవ్వుతూ ఉంటుంది, నేను ఎటో చూస్తూ ఉంటాను. అప్పటికే నాకు నడుం నొప్పి.

పుస్తకాలు పంపడం కష్టం కాదు. తిరిగి వచ్చినవాటిని మళ్లీ పంపడానికి తయారు చేయడమే కష్టం. ప్రతి మే నెలలో నేనూ అక్కా నాయనా ముగ్గురం చాప మీద కూర్చుని రబ్బరుతో పెన్సిలు గీతలు తుడిచేవాళ్లం. మధ్యాహ్నం ఎండకు పైకప్పు కాలిపోయేది. ఫ్యాను వేస్తే రబ్బరు పొట్టు కళ్లలో పడేది, ఆపితే చెమట పేజీల మీద పడేది. ప్రతి అధ్యాయంలోనూ మొదటి పది పేజీలు నల్లగా మాసి ఉండేవి, తర్వాతివి తెల్లగా ఉండేవి. ఎవరి పుస్తకం చూసినా అంతే. పిల్లలు ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ విసుగుపుట్టిందో తెలిసిపోయేది. కొందరు అంచుల్లో ఫోను చేయవలసిన నంబర్లు, బస్సు టైములు రాసుకునేవాళ్లు. ఒకమ్మాయి 'ఇది నాకు అర్థం కాదు' అని ప్రతి పదో పేజీలో రాసింది. దాన్ని పన్నెండు చోట్ల తుడిచాను. తుడుస్తుంటే ఆ పిల్లకు ఏదైనా జవాబు చెబితే బాగుండుననిపించింది. చెప్పడానికి మాత్రం సమయం ఎక్కడిది, బయట ఇంకో రెండు గోతాలున్నాయి.

నాలుగో ఏడాది యూనివర్సిటీ సిలబస్ మారింది. కొత్త రెగ్యులేషన్ అన్నారు. పాఠాలు పెద్దగా మారలేదు; అటుది ఇటు, ఇటుది అటు పెట్టి, రెండు అధ్యాయాలు తీసి, మూడు కలిపారు. కానీ పిల్లలు పాత పుస్తకం తాకరు. మా దగ్గరున్న ఇంజినీరింగ్ పుస్తకాల్లో సగానికి పైగా ఒక్క ఉత్తర్వుతో పాతవైపోయాయి. అక్క కొత్త సిలబస్ కాగితాన్ని పాత పుస్తకం పక్కన పెట్టుకుని, ఏ పాఠం ఏ పేజీలో ఉందో పట్టికలు రాసి, ప్రతి పుస్తకంలోనూ అతికించింది. వారం రోజులు అదే పని. ఆ పట్టికల్ని ఎవరూ చూడలేదు. చూసి ఉంటే పుస్తకం పనికొచ్చేది.

ఆ మరుసటి ఏడాదే లాక్‌డౌన్ వచ్చింది. పిల్లలు ఎక్కడివాళ్లు అక్కడ ఇళ్లకు వెళ్లిపోయారు, మా పుస్తకాలు వాళ్ల సంచుల్లో వాళ్లతో పాటే ఊళ్లకు వెళ్లిపోయాయి. బస్సులు లేవు, పార్శిళ్లు లేవు. అరలు ఖాళీగా ఉంటే గదిలో మాట ప్రతిధ్వనించేది. అన్నీ తెరుచుకున్నాక కొందరు పంపారు, చాలామంది పంపలేదు. ఫోను చేస్తే స్విచాఫ్. కొత్త బ్యాచ్ పిల్లలేమో పుస్తకాలు కావాలని అడుగుతున్నారు. చివరికి అక్క స్కూటీ మీద నేను వెనక కూర్చుని, పేర్ల జాబితా పట్టుకుని ఊళ్లకు బయల్దేరాం.

ఆ తిరగడంలో చాలా ఇళ్లు చూశాను. కొన్నిచోట్ల పుస్తకం వెంటనే తెచ్చి ఇచ్చేవాళ్లు. కొన్నిచోట్ల పిల్ల చదువు మానేసిందనీ, పుస్తకం ఎక్కడుందో తెలియదనీ చెప్పేవాళ్లు. ఒకచోట మంచం కోడు కింద ఎత్తుకు పెట్టిన మా పుస్తకాన్ని నేనే గుర్తుపట్టాను. అడగలేక వచ్చేశాను. అక్కకు బయటికొచ్చాక చెబితే, "అడగాల్సింది" అని మాత్రం అంది.

కొనకనమిట్ల అవతల ఒక ఊళ్లో, గొర్రెలు కాసే కుటుంబంలోని అమ్మాయి మా దగ్గర నర్సింగు పుస్తకం తీసుకుంది. ఒంగోలులో చదివేది. గడువు దాటి ఏడు నెలలు. మేము వెళ్లేసరికి తండ్రి మందతో వెళ్లాడు, తల్లి దొడ్లో పేడ ఎత్తుతోంది. మమ్మల్ని చూసి చేతులు కడుక్కుని మంచం వాల్చింది.

"పుస్తకాలోళ్లు వచ్చినారే" అని లోపలికి కేక వేసింది.

అమ్మాయి బయటికొచ్చింది. మమ్మల్ని చూసి భయపడుతుందనుకున్నాను. భయపడలేదు. "రెండు నిమిషాలు కూసోండి మేడం, ఇంక నాలుగు పేజీలే" అని మళ్లీ లోపలికి పోయింది.

నాకు అర్థం కాలేదు. తల్లి చెప్పింది: "రాసకుంటా ఉందమ్మా. ఇంటికి వచ్చినప్పటినుంచీ అదే పని. మేము ఏమన్నా పని చెప్తే ఒక పేజీ అయినాక చేస్తా అంటాది."

లోపలికి వెళ్లి చూశాను. కిటికీ దగ్గర బియ్యం డబ్బా మీద పుస్తకం, నేల మీద పిల్ల. పక్కన పెద్ద నోటు పుస్తకాల దొంతర. పదకొండు. ఆ పుస్తకం మొత్తాన్ని చేత్తో రాసుకుంది. బొమ్మలు కూడా వేసుకుంది. గుండె బొమ్మలో రక్తనాళాలకు నీలం, ఎరుపు రంగులు వేసింది. ఎముకల పేర్లు ఇంగ్లీషులో రాసి పక్కన తెలుగులో ఎలా పలకాలో రాసుకుంది. చివరి నోటు పుస్తకంలో చివరి పేజీలు నడుస్తున్నాయి.

"ఎందుకమ్మా ఇదంతా?" అన్నాను. "ఇంకో సెమిస్టర్ ఉంచుకుంటానని ఒక మెసేజ్ పెడితే ఉంచుకోనిచ్చేవాళ్లం కదా."

"ఉంచుకున్నా మళ్లా ఇయ్యాల్సిందే గదా మేడం" అంది. "రేపు ఆస్పత్రిలో డ్యూటీలో ఉన్నప్పుడు ఏమన్నా మర్చిపోతే యాడ చూసుకోవాల?"

అక్కను పక్కకు పిలిచి, "ఈ పుస్తకం ఆ అమ్మాయికే ఇచ్చేద్దాం అక్కా" అన్నాను.

"ఇస్తే మంచిదే" అంది అక్క. "దానికోసం ఇంకో నలుగురు పిల్లలు అడిగినారు. వాళ్లకేం చెప్దాం? ఈ పుస్తకం మళ్లా యాడ దొరుకుతాది?"

"ఇన్ని పుస్తకాలు పోయాయి అనుకున్నాం కదా. ఇదీ వాటిలో ఒకటి అనుకుందాం."

"పోయినవాటికి ఏడుస్తానే ఉన్నాం గదే."

మా గుసగుసలు ఆ పిల్లకు వినబడ్డాయో ఏమో, పని ముగించుకుని బయటికి వచ్చి పుస్తకాన్ని రెండు చేతులతో అందించింది. "తీసకపోండి మేడం. ఎవరికో కావాలన్నారు గదా. నాది అయిపోయింది." పుస్తకంలో ఒక్క గీత లేదు. పేజీ మూల కూడా మడవలేదు. అట్ట మీద తల్లి పాత చీర గుడ్డ చుట్టి ఉంది. అది తీసేసి ఇచ్చింది.

తల్లి మజ్జిగ ఇచ్చింది. తాగి బయల్దేరాం. దారిలో అక్క స్కూటీ ఆపి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ నడిపింది. పిల్లలకు మేలు చేస్తున్నామని నేను ప్రతివాళ్లకూ చెప్పుకుంటూ ఉండేదాన్ని. ఆ రోజు తర్వాత ఆ మాట నా నోటికి అంత తేలిగ్గా రాలేదు. మేలు చేయలేదని కాదు. కొనలేని పిల్లకు పుస్తకం అందింది, నిజమే. ఎర్ర అక్షరాల్లో పెట్టిన ఆ గడువు వల్లే పదకొండు నోటు పుస్తకాలు రాసింది, అదీ నిజమే. రెండూ నిజమైతే ఏం చేయాలో నాకు తెలియలేదు.

ఆ తర్వాత కంపెనీని పడగొట్టింది గడువులూ కాదు, పోయిన పుస్తకాలూ కాదు. ఫోన్లు. లాక్‌డౌన్‌లో పిల్లలకు ఫోనులో చదవడం అలవాటైంది. క్లాసులో ఒకడు పుస్తకం తీసుకుంటే, వారం లోపల ప్రతి పేజీ ఫొటో తీసి పీడీఎఫ్ చేసి గ్రూపులో పెట్టేవాడు. పుస్తకం మాకు తొందరగా, శుభ్రంగా వచ్చేసేది. మొదట్లో సంతోషించాం కూడా, ఈ బ్యాచ్ పిల్లలు బుద్ధిమంతులని. సంగతి తెలియడానికి ఒక సెమిస్టర్ పట్టింది. ఒక పేజీలో ఎవరిదో బొటనవేలు కనబడుతున్న మా పుస్తకం పీడీఎఫ్, మా వెబ్‌సైటు ముద్రతో సహా, నాకే ఎవరో పంపి "మేడం, మూడో అధ్యాయం సరిగా కనపడటం లేదు, మీ దగ్గర ఇంకోటి ఉందా?" అని అడిగారు. ఆ మెసేజ్ అక్కకు చూపించాను. అక్క నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

కొన్నాళ్లకు అక్కకు ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఉద్యోగం వచ్చింది. ఎప్పుడో రాసిన పరీక్ష. కోర్టుల్లో నలిగి నలిగి ఇప్పటికి తేలింది. ఊరు దూరం. చెప్పడానికి వచ్చిన రోజు పై గదిలో కూర్చుని అరగంట దాకా పుస్తకాలు సర్దుతూనే ఉంది.

"నాకు యాభై దగ్గర పడతా ఉంది" అంది చివరికి. "రైలెక్కి దిగి ఎక్కి దిగి అలిసిపోయినా. నువ్వు ఏమన్నా అనుకుంటే అనుకో."

"నేనేం అనుకుంటాను అక్కా. పో."

పొమ్మన్న మాట కరుకుగా వచ్చింది. అలా అనాలనుకోలేదు. అక్క అర్థం చేసుకుందో లేదో ఇప్పటికీ అడగలేదు.

ఒక్కదాన్నే ఇంకో ఏడాదిన్నర నడిపాను. ఒక పట్నం కంపెనీవాళ్లు ఫోను చేసి మా కంపెనీ తీసుకుంటామన్నారు. పుస్తకాలు ఎన్ని ఉన్నాయో చెప్పబోతే, కుర్ర గొంతు మధ్యలో ఆపి, "పుస్తకాలు అవసరం లేదు మేడం. స్టూడెంట్స్ నంబర్లు ఎన్ని ఉన్నాయి?" అంది. కోచింగ్ క్లాసులు అమ్ముకోవడానికి. ఆలోచించి చెబుతానన్నాను. రెండుసార్లు చేశారు. మూడోసారి ఎత్తలేదు. ఇది పట్టుదల అనుకోవద్దు. ఆ జాబితా తెరిస్తే పుస్తకానికి చీర గుడ్డ చుట్టిన ఆ పిల్ల పేరు కూడా ఉంటుంది, ఆమెకు రోజూ ఎవరో ఫోను చేసి విసిగిస్తారు అనిపించింది. దానికి తోడు మాట్లాడే ఓపిక లేదు.

మూసేటప్పుడు పనికొచ్చే పుస్తకాలు రెండు కాలేజీలకు ఇచ్చాను. ఒకదాంట్లో వాటిని బీరువాలో పెట్టి తాళం వేశారని తర్వాత తెలిసింది. పాత సిలబస్‌వి తూకానికి పోయాయి. కొనుక్కున్నది పలకల ఫ్యాక్టరీ ఆయనే. పలకకూ పలకకూ మధ్య పెట్టడానికి కాగితం కావాలన్నాడు. నాయన దగ్గరుండి ఎత్తించాడు. "చెప్పినా గదా" అని ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

ఇప్పుడు మళ్లీ పాఠాలు చెబుతున్నాను, వేరే కాలేజీలో. పోయిన నెల ఒక ఆదివారం, నేను ఇంట్లో జవాబు పత్రాలు దిద్దుకుంటుంటే వాకిట్లో ఎవరో దగ్గారు. అరవై ఏళ్ల మనిషి, భుజాన తువ్వాలు, చంకలో ప్లాస్టిక్ సంచి. గిద్దలూరు నుంచి ఉదయం రైలుకు వచ్చాడట. దుకాణం మూసి ఉంటే ఇల్లు అడుగుతూ వచ్చాడు.

"పుస్తకం ఇచ్చి పోదామని వచ్చినానమ్మా" అన్నాడు. "మా వాడు తెచ్చుకున్నాడు. వాడు చదువు నిలబెట్టి హైదరాబాద్‌లో కారు తోలుతాన్నాడు. ఇల్లు సున్నం కొడదామని సామాన్లు తీస్తాంటే బయటపడింది. వెనక్కి ఇయ్యాలని అట్ట మీద ఉందంట, మా కోడలు చదివి చెప్పింది."

లోపలికి పిలిచి కూర్చోబెట్టాను. పుస్తకం తీసి చూశాను. పాత సిలబస్‌ది. చెదలు ఒక మూల తిన్నాయి.

"కంపెనీ మూసేశాం పెద్దాయనా. ఇది మీరే ఉంచుకోవచ్చు."

ఆయన సందేహంగా చూశాడు. "మూసినా వస్తువు మీది గదమ్మా. మేమేం చేసుకుంటాం దీన్ని, ఇంట్లో చదివేటోళ్లు యాడున్నారు? పరాయి సొమ్ము ఇంట్లో పెట్టుకోవడం ఎందుకు?"

తీసుకున్నాను. మంచినీళ్లు తాగి లేచాడు గానీ గుమ్మం దగ్గర ఆగాడు.

"ముట్టినట్టు ఒక చీటీ రాసియ్యమ్మా. మావాడికి ఫోన్లో పంపియ్యాల. వాడు ఇచ్చినానని నమ్మడు."

దిద్దుతున్న ఎర్ర పెన్నుతోనే ఒక తెల్లకాగితం మీద, పుస్తకం పేరు రాసి, అందినది అని రాసి, సంతకం పెట్టాను. కంపెనీ ముద్ర ఉందా అని అడిగాడు. లేదన్నాను. సంతకం చాలునా అన్నాడు. చాలునన్నాను. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, మధ్యాహ్నం రైలు ఎన్నింటికని అడిగి, చెబితే తల ఊపి, చెప్పులు వేసుకుని ఎండలోకి వెళ్లాడు. నేను ఇంకా ముప్పై పత్రాలు దిద్దాలి. పుస్తకాన్ని కిటికీ గట్టు మీద పెట్టి మళ్లీ కూర్చున్నాను.